ఆ బొమ్మలో వున్నది తల్లి కాదట

ఇవాళ్టి నా ప్రసంగం ఒక దిద్దుబాటుతో మొదలుపెట్టాలి.

ఏడేళ్ళ కిందట ఇదే కార్యక్రమంలో మాతృహృదయం గురించి నాలుగు మాటలు చెప్పమంటే చెప్పాను. ఆ ప్రసంగం చివర్లో ఇటలీ దేశంలోని పాంపే నగరం ప్రస్తావన తెచ్చాను. అగ్నిపర్వతం బద్దలై వూరంతా బూడిదలో పూడిపోయినప్పుడు, చేతికి బంగారు కడియం వున్న ఒక తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అలాగే ప్రాణం విడిచిందనీ, పందొమ్మిది వందల యేళ్ళు దాటినా ఆ చేతులు బిడ్డను వదలలేదనీ చెప్పాను. ఎప్పుడో ఒక పుస్తకంలో చూసిన బొమ్మ అది. చెబుతున్నప్పుడు నా గొంతు కూడా పట్టుకుపోయింది. ఆ తర్వాత పది పన్నెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకావిడ తన కడుపుకోత సంగతి రాసి, ఆ తల్లి కథ విన్న రోజున అన్నం సయించలేదమ్మా అన్నది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బీరువాలో వుంది.

నేను ఆ రోజు చెప్పిన మాట తప్పు. అది తప్పని నాకెక్కడ తెలిసిందో చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఆ వూరు తీసుకుపోవాలి.

మా తమ్ముడు రోము నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. "ఒక్కసారి రా అక్కా" అని మూడేళ్ళుగా పోరుతుంటే, క్రిందటి దసరా సెలవులకి కుదిరింది. మా వారికి శిథిలాలంటే పెద్ద సరదా లేదు. "హంపీ చూశాం, నాగార్జునకొండ చూశాం, ఇంకా ఏం రాళ్ళు చూస్తావు?" అన్నారు. అయినా వచ్చారు. రోము నుంచి నేపుల్సుకి వేగం బండిలో గంట పైచిలుకు. అక్కణ్ణించి కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు. అందులో జనం, మూటలు, కేకలు చూస్తే నాకు మన వైపు పాసింజరు బండి ఎక్కినట్టే వుంది. కిటికీలోంచి ఆ కొండ కనిపిస్తూనే వుంది. అదే వెసూవియస్. దగ్గర దగ్గర 1,280 మీటర్ల ఎత్తు. ఏమీ ఎరగనట్టు, పచ్చగా, నెత్తిన చిన్న మబ్బు తునకతో కూర్చుని వుంది. దాని ఒళ్ళోనే ఇళ్ళు, ద్రాక్షతోటలు, ఆరేసిన బట్టలు. ఆఖరిసారి అది నిప్పులు కక్కింది 1944లో. "ఇంత తెలిసీ ఇక్కడే ఎలా వుంటారు?" అన్నాను. మా మరదలు, "గోదావరి పొంగుతుందని తెలిసీ లంకల్లో వుండటం లేదా వదినా?" అన్నది. నిజమే మరి.

స్టేషను బయట బండ్ల మీద కొబ్బరికాయలంత నిమ్మకాయలు, పక్కనే ఎర్రగా పగిలిన దానిమ్మ పళ్ళు. వాటిని చూపించి మా మేనకోడలు ఒక కబురు చెప్పింది. అది అక్కడ కాలేజీలో చదువుతోంది, చరిత్ర అంటే చెవి కోసుకుంటుంది. ఈ ఉపద్రవం జరిగింది క్రీస్తుశకం 79వ సంవత్సరంలో. చాలాకాలం పుస్తకాలన్నిటిలో ఆగస్టు 24 అనే రాసేవారట. కానీ తవ్వకాల్లో దానిమ్మలు, చెస్ట్‌నట్ కాయలు, చలి కాచుకునే కుంపట్లు దొరికాయి. 2018లో ఒక యింటి గోడమీద బొగ్గుతో గీసిన రాత దొరికింది. దాని మీద అక్టోబరు 17కి సరిపోయే తేదీ వుంది, సంవత్సరం లేదు. బొగ్గు రాత యేళ్ళ తరబడి నిలవదు గనక అది చివరి రోజుల్లోదే అయివుండాలనీ, కాబట్టి కొండ పేలింది అక్టోబరులోనేననీ చాలామంది పండితులు అంటున్నారు. ఒప్పుకోనివారూ వున్నారు. నాకైతే వంటింటి సాక్ష్యమే బలంగా తోచింది. మన యిల్లు ఎవరైనా తవ్వితే, జాడీ పక్కన చెక్కలు చేసిన పచ్చి మామిడికాయలు కనబడితే వేసవి అనుకోరూ?

టిక్కెట్టు మీద మన పేరు రాసి ఇచ్చారు. 2024 నవంబరు నుంచి రోజుకి ఇరవై వేల మందినే లోపలికి పంపుతున్నారట. అంతమంది ఒకప్పుడు ఆ వూళ్ళో కాపురం వున్నవాళ్ళ కంటే ఎక్కువ. పాంపే జనాభా పది పన్నెండు వేలని అంచనా.

ఆనాడు ఏం జరిగిందో టూకీగా చెబుతాను. మధ్యాహ్నం వేళ కొండ నోరు తెరిచింది. గొడుగులాంటి పెద్ద చెట్టు ఆకారంలో పొగ ఆకాశానికి లేచింది. ముందు రాళ్ళవాన. తేలికైన, నురుగులాంటి రాళ్ళే గాని, గంటల తరబడి పడేసరికి ఇళ్ళ కప్పులు కూలిపోయాయి. మర్నాడు పొద్దున్న మరుగుతున్న బూడిదా, వేడి ఆవిరీ కొండ మీదనుంచి వరదలా దొర్లుకుంటూ వచ్చాయి. అప్పటికి వూళ్ళో మిగిలిన వాళ్ళంతా వున్నచోటనే పోయారు. మూడు నిలువుల లోతున వూరు పూడిపోయింది. ఆ తర్వాత పేరు కూడా మరిచిపోయారు. 1748లో తవ్వకాలు మొదలుపెడితే, అది పాంపేయేనని రూఢి కావడానికి 1763 దాకా పట్టింది. ఈ రోజుకీ మూడోవంతు వూరు మట్టి కిందే వుంది.

లోపలికి అడుగు పెట్టగానే నాకు ముందు నచ్చినవి వీధులు. పెద్ద పెద్ద నల్లరాతి పలకలు పరిచారు. బండిచక్రాలు పోయి పోయి గాడులు పడ్డాయి. వీధి ఈ వైపునుంచి ఆ వైపుకి దాటడానికి మధ్యలో ఎత్తుగా రాళ్ళు పాతారు. వానకీ మురుగుకీ కాళ్ళు తడవకుండా వాటిమీద అడుగేసుకుంటూ పోవచ్చు. బండిచక్రాలు వాటి సందుల్లోంచి వెళ్ళేలా కొలిచి పెట్టారు. అక్కడక్కడా రాతి తొట్లు, కుళాయిలు వున్నాయి. సీసపు గొట్టాల ద్వారా నీళ్ళు వచ్చేవిట. తొట్టి అంచు ఒకచోట నున్నగా పల్లంగా అరిగి వుంది. నీళ్ళకోసం వంగినవాళ్ళు చెయ్యి ఆనించిన చోటు అది. నేనూ నా చెయ్యి అక్కడ పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయింది. మా వారు ఫోటో తీశారు.

ఇళ్ళు చూస్తే మీకూ ఆశ్చర్యం వేస్తుంది. అచ్చం మన మండువా లోగిళ్ళే! నడిమధ్య కప్పు తెరిచి వుంటుంది. నాలుగు వైపుల నుంచీ వాన నీళ్ళు మధ్యనున్న తొట్టిలో పడి, కింద వున్న నిలవ గుంటలోకి చేరతాయి. చుట్టూ గదులు. మా అమ్మమ్మగారి యిల్లు తణుకు దగ్గర అలాగే వుండేది. వాన కురుస్తుంటే మేం పిల్లలం మండువాలో గంతులేసేవాళ్ళం. ఎవరు ఎవరిని చూసి కట్టారో అని అనుకోకండి. ఎండా వానా వున్నచోట మనిషి బుద్ధి ఒకే దారిన పోతుంది కాబోలు. వంటింటి దగ్గరో, ముందు సావట్లోనో గోడలో చిన్న దేవుడి గూడు, దాని కింద రెండు పాముల బొమ్మలు. గృహదేవతలకి అక్కడే నైవేద్యం పెట్టేవారు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకి ఆ పాములు కొత్తగా అనిపించలేదు.

కానీ వంటింట్లో మాత్రం నాకు వూపిరాడలేదు. వెట్టీ సోదరులనే ధనవంతుల యిల్లు వుంది. ఆ ఇద్దరూ ఒకప్పుడు బానిసలు, విడుదలై వ్యాపారంలో బాగా గడించిన వాళ్ళు. యిరవై యేళ్ళు మరమ్మతులు చేసి 2023లో ఆ యిల్లు తిరిగి తెరిచారు. గోడలనిండా ఎర్రటి రంగు, పురాణకథల బొమ్మలు, తోటనిండా శిల్పాలు. అంత యింటికీ వంటగది యింతే. ఇటుకలతో కట్టిన గట్టు, దానిమీద బొగ్గులు, ముక్కాలిపీటలు, కంచు గిన్నెలు. మన కిచెన్ ప్లాట్‌ఫారం లాగే నిలబడి వండే ఏర్పాటు. పొగ పోవడానికి సరైన దారి లేదు. అంతేకాదు, ఆ వూళ్ళో చాలా ఇళ్ళలో మరుగుదొడ్డి వంటింట్లోనే వుంటుంది! పొయ్యిగట్టు పక్కనే. ఒకే గుంటలోకి అన్నీ పోతాయని ఆ సదుపాయం. మా అత్తగారు ఈ మాట వింటే మడి నీళ్ళు నెత్తిమీద పోసుకునేవారు. ఇంత కళాభిరుచి వున్న వాళ్ళు వంటింటిని ఇలా ఎందుకు కట్టారా అని మా తమ్ముణ్ణి అడిగాను. "యజమానురాలు అందులోకి అడుగుపెడితేగా అక్కా?" అన్నాడు. అంత పెద్ద ఇళ్ళలో వండేది బానిసలు. వాళ్ళకి పొగైతేనేం, కంపైతేనేం.

అక్కడినుంచి నా చూపే మారిపోయింది. అంతవరకూ రంగుల గోడలు చూస్తున్నదాన్ని, వాటి వెనక చీకటి గదులు వెతకడం మొదలుపెట్టాను.

రొట్టెల దుకాణం ఒకటి చూశాం. అలాంటివి ఆ వూళ్ళో ముప్ఫైకి పైగా వున్నాయి. పెద్ద పొయ్యి, మన బేకరీల్లో వున్నలాంటిదే. ముందు నాలుగు తిరగళ్ళు. నల్లరాయితో, నిలువెత్తున, నడుం సన్నగా చెక్కినవి. గాడిదలు గానుగెద్దుల్లా కళ్ళకి గంతలతో వాటి చుట్టూ తిరిగేవి. ఒక దుకాణంలో పొయ్యి తలుపు తీస్తే బొగ్గైపోయిన రొట్టెలు ఎనభై ఒకటి దొరికాయట. గుండ్రంగా, ఎనిమిది ముక్కలకి గాట్లు పెట్టి వున్నాయి. కొండ పేలుతున్న రోజున కూడా ఎవరో పిండి కలిపారు, పొయ్యిలో పెట్టారు.

ఆ కలిపినవాళ్ళెవరో 2023 డిసెంబరులో వెల్లడైన ఒక తవ్వకం చెబుతోంది. ఆ యింట్లోకి మమ్మల్ని పోనివ్వలేదు, మేనకోడలు తన ఫోనులో బొమ్మలు చూపించింది. ఇంటి వెనక ఒక మర గది. దానికి వీధిలోకి వాకిలి లేదు. వున్న ఒక్క దారీ యజమాని సావట్లోకి. చిన్న కిటికీలు, ఎక్కడో పైన. వాటికి ఇనుప కడ్డీలు. గాడిదలు ఒకదానికొకటి తగలకుండా ఎక్కడ అడుగు వెయ్యాలో నేలరాతిలోనే అర్ధచంద్రాకారంగా గుంటలు చెక్కి పెట్టారు. గాడిదలూ బానిసలూ ఒకే గదిలో, ఒకే గుండ్రంలో తిరిగారు. వూరి బయట ఒక భవంతిలో 2021లో మరో గది బయటపడింది. పదహారు చదరపు మీటర్లు. మన రెండో పడగ్గదంత. అందులో మూడు మంచాలు, రెండు పెద్దవి, ఒకటి నాలుగున్నర అడుగులది. అది పిల్లదో పిల్లాడిదో అయివుంటుందని అంటున్నారు. మంచాల కింద కుండలు, మూలన జాడీలు, బండి సామాను. పైన ఒక్క చిన్న కిటికీ. గోడమీద బొమ్మ లేదు, దీపం తగిలించడానికి మేకు మాత్రం వుంది.

ఇంకో సంగతి చెప్పాలో వద్దో అని ఆలోచించాను. ఆడపిల్లలున్న తల్లులం మనం, చెప్పుకోవాలి. ఇందాకటి వెట్టీ సోదరుల ఇంటి గుమ్మంలో గోడమీద ఒక గీత వుంది. యూటికిస్ అనే అమ్మాయి, గ్రీకు పిల్ల, మర్యాద తెలిసినది, వెల రెండు కాసులు అని దాని భావం. నిజంగా ప్రకటనో, ఎవరో కక్షకొద్దీ గీసిందో చెప్పలేం. అదే వూళ్ళో ఒక పానశాల గోడమీద ధరలు రాసి వున్నాయి. మామూలు ద్రాక్షసారాయి ఒక కాసు, కాస్త మంచిది రెండు, అన్నిటికంటే మేలు రకం నాలుగు. ఆ రెండు రాతలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. నేనైతే ఆ గుమ్మంలో కాసేపు నిలబడిపోయాను. వెనకనుంచి జనం తోస్తున్నారు.

అలాగని ఆ వూళ్ళో ఆడవాళ్ళంతా ఏడుస్తూ కూర్చున్నారని అనుకోకండి. నడివీధి కూడలి దగ్గర యూమాకియా అనే ఆవిడ కట్టించిన పెద్ద భవనం వుంది. ఆవిడ పూజారిణి, బాగా వున్నవాళ్ళ పిల్ల. బట్టలు ఉతికే రజకులంతా కలిసి ఆవిడకి విగ్రహం చేయించారు. (రజకులంటే గుర్తొచ్చింది. సబ్బు బదులు వాళ్ళు వాడింది ఏమిటో తెలుసా? మనుషుల మూత్రం. వీధుల్లోంచి కుండలతో పోగుచేసి, దాంట్లో బట్టలు వేసి కాళ్ళతో తొక్కేవారు. ఆ తర్వాత మంచినీళ్ళలో జాడించేవారు లెండి.) జూలియా ఫెలిక్స్ అని ఇంకొకావిడ. వీధి పొడుగునా ఆవిడ ఆస్తే. స్నానశాల, కొట్లు, పైవాటాలు అయిదేళ్ళకి అద్దెకిస్తానని గోడమీద ప్రకటన రాయించింది. ఎన్నికల ప్రచారం కూడా ఎర్రరంగుతో గోడలనిండా కనిపిస్తుంది. ఆడవాళ్ళకి ఓటు లేదు. అయినా అసెలీనా అనే ఆవిడా, ఆవిడ సారాకొట్టులో పనిచేసే ఆడపిల్లలూ ఫలానా ఆయన్ని గెలిపించండని తమ పేర్లు రాయించుకున్నారు. ఓటు లేకపోతే మాట కూడా లేదా ఏమిటి!

ఎండ తగ్గాక వూరి చివరి తోటకి వెళ్ళాం. పారిపోతూ చనిపోయినవాళ్ళ తోట అని దానికి పేరు. 1961లో అక్కడ పదమూడుగురు బయటపడ్డారు, పెద్దలూ పిల్లలూ. అద్దం వెనక వరసగా పడుకుని వున్నారు. ఒకరు మోచేతి మీద లేవబోతున్నట్టు వున్నారు. ఇవి శవాలు కావు. శరీరం చుట్టూ బూడిద గట్టిపడింది, తర్వాత శరీరం శిథిలమై లోపల ఖాళీ మిగిలింది. 1863లో ఫియోరెల్లి అనే ఆయన ఆ ఖాళీలో పల్చటి ప్లాస్టరు పోయించాడు. ఆరాక చుట్టూ మట్టి తీసేస్తే మనిషి ఆకారం, బట్ట ముడతతో సహా వచ్చింది. ఎముకలు మాత్రం లోపలే వుంటాయి.

అక్కడ నిలబడి నేను మా మేనకోడలితో, "బంగారు కడియం తల్లి ఎక్కడుందే? ఆవిణ్ణి చూడాలి" అన్నాను.

అది ఒక్క క్షణం ఆగింది. "అత్తా, ఆవిడ ఆవిడ కాదు" అన్నది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆ బొమ్మలు పాతబడి పగుళ్ళిస్తే మరమ్మతులు చేస్తూ, లోపలి ఎముకల ముక్కలు తీసి పరీక్ష చేశారు. డి.ఎన్.ఎ. అంటారే, వంశం, ఆడా మగా అంతా చెప్పేది, అది. ఆ ఫలితాలు 2024 నవంబరులో వచ్చాయి. బంగారు కడియం ఇంట్లో నలుగురు దొరికారు. వాళ్ళని తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ అనుకున్నాం గదా, నలుగురూ మగవాళ్ళే. ఒకరికొకరు రక్తసంబంధం లేదు. బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న మనిషి పురుషుడు. ఆ బిడ్డకి ఏమీ కానివాడు. ఇంకో ఇంట్లో ఒకరినొకరు కావిలించుకుని పోయిన ఇద్దరిని అక్కాచెల్లెళ్ళనీ, తల్లీకూతుళ్ళనీ ఇన్నాళ్ళూ చెప్పుకున్నారు. వాళ్ళలో కనీసం ఒకరు మగవాడని తేలింది.

నాకు సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఎవరిమీదో తెలియదు. కడియం వుంటే ఆడది అనుకున్నాం, ఒళ్ళో బిడ్డ వుంటే తల్లి అనుకున్నాం. పండితులే అనుకున్నారు గదా, నాదేం తప్పు అని సమాధానం చెప్పుకోబోయాను. కానీ ఆ తల్లి చేతులు వదలలేదని, ఆవిడ మనసు ఫలానా విధంగా వుందని చెప్పింది పండితులు కాదు, నేను. "పోనీలే అత్తా, ఏమీ కానివాడు పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంటే అది ఇంకా గొప్ప కాదూ?" అన్నది పిల్ల, నా మొహం చూసి. మళ్ళీ అంతలోనే, "అది కూడా మనం అనుకోవడమే గదా. ఒళ్ళోకి తీసుకున్నాడో, పైనుంచి పడ్డారో, ఆ యింటి బానిసేమో, ఏం తెలుసు?" అని తనే దిద్దుకుంది.

మర్నాడు నేపుల్సు మ్యూజియంలో అలాంటిదే ఇంకొకటి ఎదురైంది. పెద్దలకి మాత్రమే అని వేరుగా పెట్టిన ఒక గది వుంది. మా వారు తలదించుకుని గబగబా నడుస్తున్నారు. నాకూ తల తిప్పుకోవాలనే వుంది. అంతలో ఒక అద్దం పెట్టెలో మన పిల్ల కనబడింది! జానెడు పైచిలుకు ఏనుగుదంతపు బొమ్మ. బట్టలు లేవుగాని ఒంటినిండా నగలే. మోకాళ్ళ దాకా కడియాలు, చేతులనిండా గాజులు, నడుముకి వడ్డాణం, వెనక పొడుగాటి జడ, ఇరుపక్కలా ఇద్దరు చిన్న చెలికత్తెలు. 1938లో పాంపేలో ఒక యింట్లో దొరికింది. మన దేశంలో చేసినదేనని నిశ్చయం. అడుగున ఖరోష్ఠీ లిపిలో ఒక అక్షరం చెక్కి వుంది. మహారాష్ట్రలో తేర్, భోకర్దన్ అనే చోట్ల ఇలాంటి దంతపు బొమ్మలే దొరికాయి. అవి మన శాతవాహనులు ఏలిన ప్రాంతాలు. దొరికిన కొత్తలో లక్ష్మీదేవి అన్నారు. తర్వాత చూస్తే లక్ష్మికి వుండవలసిన గుర్తులు లేవు, యక్షిణి అయివుంటుందన్నారు. నెత్తిమీద రంధ్రం వుంది గనక ఏ అద్దానికో పిడిగానో, పీటకి కాలుగానో వాడివుంటారనీ అంటారు. ఆవిడకీ పేరు మనం పెట్టిందే.

ఆ రోజుల్లో మనకీ రోముకీ వర్తకం జోరుగా వుండేది. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలుబట్ట ఓడల్లో వెళ్ళేవి. అదే శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిపెట్టిన పుస్తకంలో మసాలియా అనే చోట నేసే సన్నబట్ట ప్రస్తావన వుంది. అది మన మచిలీపట్నం ప్రాంతమని పండితులు చెబుతారు. బదులుగా వాళ్ళ బంగారం, వెండి ఇటు వచ్చేవి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకి పైగా రోము వెండి నాణాలు దొరికాయి. ప్లినీ అనే పెద్దమనిషి దీనిమీద విసుక్కున్నాడు. ఏటా అయిదుకోట్ల సెస్టర్షులు ఇండియాకి పోతున్నాయనీ, ఘాటు తప్ప ఏ గుణమూ లేని మిరియానికి ఇంత ఎగబడటం ఏమిటనీ, ఆడవాళ్ళ సింగారాల వల్ల ఎంత ధనం తగలబడుతోందో అనీ రాశాడు. సవాసేరు కాదుగదా, పౌను మిరియాలకి నాలుగు దీనారాలట! ఖర్చెక్కువైతే ఆడవాళ్ళ మీదికి తోసెయ్యడం ఆనాటి నుంచీ వున్నదే.

ఆ ప్లినీయే కొండ పేలినప్పుడు అక్కడి నౌకాదళానికి అధికారి. రెక్టీనా అనే ఆవిడ కాపాడమని కబురు పంపితే ఓడలు తీసుకుని బయల్దేరాడు, తిరిగి రాలేదు. ఆడవాళ్ళని ఎంత విసుక్కుంటేనేం, ఒక ఆడదాని ఉత్తరం అందుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఈ కథంతా మనకి చెప్పింది ఆయన మేనల్లుడు. అప్పటికి పదిహేడేళ్ళవాడు. తర్వాత ఎప్పుడో టాసిటస్ అనే చరిత్రకారుడికి ఉత్తరాలుగా రాశాడు. వాళ్ళమ్మ పేరు ప్లినియా. చీకట్లో వూరు విడిచి పారిపోతుంటే, నాకు వయసైంది, ఒళ్ళు బరువు, నన్నొదిలి నువ్వు పరిగెత్తు, నావల్ల నువ్వు పోకపోతే నాకు అదే చాలు అన్నదట. ఆ కుర్రాడు వినలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని బలవంతాన నడిపించాడు. వెనకనుంచి పొగ తరుముకొస్తోంది. ఇద్దరూ బతికారు.

ఈ తల్లి నిజం తల్లి. కొడుకే చెప్పాడు. ఏడేళ్ళ కిందట నాకు కావలసింది ఈవిడ, ఉత్తరంలోనే వుంది. నేను బొమ్మ చూసి ఆగిపోయాను.

మ్యూజియంలో చివరగా చూసింది ఒక రొట్టె. పాంపేది కాదు, పక్కనున్న హెర్క్యులేనియందిట. బొగ్గులా నల్లగా, ఎనిమిది గాట్లతో వుంది. దానిమీద ముద్ర వేసి వుంది. కెలెర్ చేసినది, క్వింటస్ గ్రానియస్ వేరస్ గారి బానిస అని. ఎవరి రొట్టె ఎవరిదో పొయ్యి దగ్గర తెలియడానికి వేసిన ముద్ర. బానిస గదుల్లో వున్నవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. ఈ పేరు మిగిలింది, అదీ పిండిమీద.

ఇంటికి వచ్చాక పాత ప్రసంగం కాగితాలు తీశాను. "ఆ తల్లి" అన్నచోటల్లా కొట్టేశాను. అయిదు చోట్ల వుంది. దాని బదులు ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. చివరికి "ఒక మనిషి" అని రాశాను. ఆనాడు నాకు ఉత్తరం రాసిన అమ్మా, మీరు ఇవాళ వింటున్నట్టయితే, మీ కన్నీళ్ళలో తప్పేమీ లేదు. తప్పు నా మాటలో వుంది. మీ చిరునామాకి వేరే జాబు రాస్తున్నాను, ప్లినియా గారి సంగతి అందులో వివరంగా వుంటుంది.